సోలార్ ప్లాంటులో కరెంటు పుట్టించేది ఎండ వేడి కాదు, వెలుతురు

మీరు అడిగినవి మూడు. సింహాద్రి థర్మల్ కేంద్రంలో బొగ్గు మండించి, ఆవిరితో టర్బైను తిప్పి కరెంటు తీస్తారు కదా, మరి సోలార్ ప్లాంటులో తిరిగేది ఏమిటన్నది మొదటి ప్రశ్న. మే నెలలో విశాఖ మేడల మీద కాలు పెట్టలేనంత ఎండ కాస్తున్నా, మీ అపార్ట్‌మెంటు పైనున్న ప్యానెళ్లు మార్చి కంటే మేలో తక్కువ యూనిట్లు ఎందుకు ఇచ్చాయన్నది రెండోది. ముడసర్లోవ జలాశయంలో నీటి మీద ప్యానెళ్లు పరచడం వల్ల లాభమేమిటన్నది మూడోది.

సూటిగా చెప్పాలంటే, మన చుట్టుపక్కల కనిపించే సోలార్ ప్లాంట్లలో కరెంటు తయారయ్యే చోట తిరిగేది ఏదీ లేదు. ఎండలోని వెలుతురు సిలికాన్ పలకలోని ఎలక్ట్రాన్లను నేరుగా కదిలిస్తుంది. ఆ కదలికే కరెంటు. ఎండతో పాటు వచ్చే వేడి ఈ పనికి సాయపడదు సరికదా, ఉత్పత్తిని తగ్గిస్తుంది. మీ మే నెల లెక్కకు సమాధానం చాలావరకు ఇక్కడే ఉంది. సోలార్ ప్లాంట్ల నిర్వహణ, మరమ్మతుల పనిలో చాలా ఏళ్లుగా ఉన్నాను. ఉత్తరాంధ్ర తీరంలో మేడల మీది చిన్న ప్లాంట్లలోనూ, రాయలసీమలోని పెద్ద ప్లాంట్లలోనూ పనిచేసిన అనుభవంతో కొంత వివరంగా రాస్తున్నాను.

సిలికాన్ పరమాణువు బయటి కక్ష్యలో 4 ఎలక్ట్రాన్లు ఉంటాయి. శుద్ధమైన సిలికాన్‌లో అవన్నీ పక్క పరమాణువులతో బంధాల్లో బిగుసుకుని ఉంటాయి కనుక, కరెంటు మోయడానికి స్వేచ్ఛగా తిరిగే ఎలక్ట్రాన్లు అక్కడ దాదాపు ఉండవు. అందుకే ఆ పలకకు ఒక వైపు 5 బయటి ఎలక్ట్రాన్లున్న భాస్వరాన్ని, మరో వైపు 3 మాత్రమే ఉన్న బోరాన్‌ను అతి స్వల్పంగా కలుపుతారు. ఒక పొరలో ఎలక్ట్రాన్లు ఎక్కువవుతాయి, రెండో పొరలో వాటికి ఖాళీలు ఎక్కువవుతాయి. ఈ రెండు పొరలు కలిసే సరిహద్దును జంక్షన్ అంటాము. అక్కడ ఎవరూ బయటి నుంచి కరెంటు ఇవ్వకుండానే ఒక స్థిరమైన విద్యుత్ క్షేత్రం ఏర్పడి ఉంటుంది. ఎండ పడగానే ఫోటాన్ అనే కాంతి కణం ఒక ఎలక్ట్రాన్‌ను బంధం నుంచి విడిపిస్తుంది. ఆ ఎలక్ట్రాన్ తిరిగి తన చోటికి చేరే లోపే జంక్షన్‌లోని క్షేత్రం దాన్ని ఒక వైపుకు, అది వదిలిన ఖాళీని మరో వైపుకు తోసేస్తుంది. పలక ముందు వెనుకల తీగ కలిపితే, ఎలక్ట్రాన్ ఆ తీగ దారిన బయట తిరిగి వచ్చి ఖాళీని చేరుకుంటుంది. ఈ ప్రయాణంలో సిలికాన్ తరగదు, అరగదు. ఒక ప్యానెల్ 25 ఏళ్లకు పైగా పనిచేయగలగడానికి కారణం ఇదే.

కాంతి పడితే విద్యుత్తు పుడుతుందని ఫ్రాన్స్ శాస్త్రవేత్త ఎడ్మండ్ బెకెరెల్ 1839లోనే గమనించారు. పనికివచ్చే సిలికాన్ సెల్ మాత్రం 1954లో అమెరికాలోని బెల్ ల్యాబ్స్‌లో చేపిన్, ఫుల్లర్, పియర్సన్ అనే ముగ్గురి చేతుల్లో తయారైంది. అది తన మీద పడిన సౌరశక్తిలో 6 శాతాన్ని కరెంటుగా మార్చింది. ఇప్పుడు మార్కెట్లో దొరికే మంచి ప్యానెళ్లు 20 నుంచి 23 శాతం వరకు మారుస్తున్నాయి.

మిగిలినదంతా వృథాయేనా అని చాలామంది అడుగుతారు. ఇందులో ప్రకృతి గీసిన గీత ఒకటి ఉంది. సిలికాన్‌లో ఒక ఎలక్ట్రాన్‌ను విడిపించడానికి 1.12 ఎలక్ట్రాన్ వోల్టుల శక్తి కావాలి. అంతకంటే తక్కువ శక్తి గల పరారుణ కిరణాలు ఎన్ని పడినా ఒక్క ఎలక్ట్రాన్ కూడా విడివడదు. మనకు ఒంటి మీద చురుక్కుమనిపించే వేడిలో ఒక భాగం ఈ కిరణాలదే. దీనికి విరుద్ధంగా, నీలి కాంతి కణానికి కావలసిన దానికంటే చాలా ఎక్కువ శక్తి ఉంటుంది. అది కూడా ఒక్క ఎలక్ట్రాన్‌నే విడిపించి, మిగులు శక్తిని సెల్‌లో వేడిగా వదిలేస్తుంది. ఇలాంటి నష్టాలన్నీ లెక్కవేసి, ఒకే జంక్షన్ ఉన్న సెల్ ఎంత గొప్పగా తయారుచేసినా మూడో వంతుకు మించి మార్చలేదని షాక్లీ, క్వీసర్ అనే శాస్త్రవేత్తలు 1961లో తేల్చారు. కాబట్టి 40 శాతం సామర్థ్యం గల ప్యానెల్ అని చెప్పి ఎవరైనా మీ మేడకు అమ్మజూపితే నమ్మవద్దు.

ఇక మే నెల సంగతి. ప్యానెల్ వెనుక అంటించిన చీటీ మీద 540 వాట్లు అని ఉంటే, అది ప్రయోగశాల పరిస్థితుల్లో కొలిచిన సంఖ్య. చదరపు మీటరుకు 1000 వాట్ల కాంతి పడుతూ, సెల్ ఉష్ణోగ్రత 25 డిగ్రీల దగ్గర ఉన్నప్పుడు వచ్చే కరెంటు అది. ఇక్కడ 25 డిగ్రీలు అన్నది గాలి ఉష్ణోగ్రత కాదు, సెల్ ఉష్ణోగ్రత. మధ్యాహ్నం నల్లటి ప్యానెల్ తన చుట్టూ ఉన్న గాలి కంటే 25, 30 డిగ్రీలు ఎక్కువగా వేడెక్కుతుంది. గాలి 36 డిగ్రీలుంటే సెల్ 65 డిగ్రీలకు చేరడం మేము థర్మల్ కెమెరాలో తరచుగా చూస్తాము. సిలికాన్ ప్యానెళ్ల శక్తి ప్రతి డిగ్రీకి 0.3 నుంచి 0.4 శాతం తగ్గుతుంది. 0.35 శాతం చొప్పున చూస్తే, 40 డిగ్రీల పెరుగుదలకు 14 శాతం పోతుంది, అంటే 540 వాట్ల ప్యానెల్ నిండు ఎండలో ఇచ్చేది సుమారు 465 వాట్లే. కరెంటు ప్రవాహం తగ్గడం వల్ల ఇలా జరగదు. అది నిజానికి కొద్దిగా పెరుగుతుంది, తగ్గేది వోల్టేజి. వేడికి సిలికాన్‌లో ఎలక్ట్రాన్లు వాటంతటవే విడివడి, మళ్లీ లోపలే ఖాళీల్లో పడిపోవడం ఎక్కువవుతుంది. దాంతో ఒక్కో సెల్ డిగ్రీకి సుమారు 2 మిల్లీవోల్టులు కోల్పోతుంది. సెల్ వోల్టేజే 0.6, 0.7 వోల్టులని గుర్తుంచుకుంటే ఇది ఎంత పెద్ద నష్టమో తెలుస్తుంది.

మేలో ఉత్పత్తి తగ్గడానికి వేడి ఒక్కటే కారణం కాదు. విశాఖ 17.7 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది. మే రెండో వారం నుంచి ఆగస్టు తొలి రోజుల వరకు మధ్యాహ్న సూర్యుడు మన నడినెత్తికి ఉత్తరంగా ఉంటాడు. మన ప్యానెళ్లు దక్షిణం వైపు వాలి ఉంటాయి కనుక ఆ రోజుల్లో కిరణాలు వాటి మీద ఏటవాలుగా పడతాయి. మార్చిలో సూర్యుడు దక్షిణానికి కొద్దిగా వాలి ఉండడంతో కిరణాలు ప్యానెల్‌కు దాదాపు లంబంగా తగులుతాయి, పైగా గాలి కూడా అంత వేడిగా ఉండదు. మేలో సముద్రం మీది నుంచి వచ్చే తేమ వల్ల ఆకాశం తెల్లగా మసకబారుతుంది; వర్షం లేక ప్యానెళ్ల మీద దుమ్ము పేరుకుంటుంది. పరిశ్రమలకు దగ్గరగా ఉన్న మేడల మీద ఈ దుమ్ము జిడ్డుగా, నల్లగా ఉండి నీళ్లు చల్లినంత మాత్రాన పోదు. ఇవన్నీ కలిసే మీరు చూసిన తేడాను తెచ్చాయి. మార్చి కంటే మేలో కొంత తగ్గడం లోపం కాదు. పగలు ఎక్కువ సేపు ఉన్నా ఇలాగే జరుగుతుంది.

ఒక సెల్ నుంచి వచ్చేది అర వోల్టు పైచిలుకు మాత్రమే కాబట్టి సెల్స్‌ను వరుసగా కలిపి ప్యానెల్‌ను, ప్యానెళ్లను వరుసగా కలిపి స్ట్రింగ్‌ను తయారుచేస్తారు. పెద్ద ప్లాంట్లలో 540 వాట్ల ప్యానెళ్లు 28 దాకా ఒకే స్ట్రింగ్‌లో ఉంటాయి. పనిచేసేటప్పుడు దాని వోల్టేజి 1100 దాటుతుంది, శక్తి 15 కిలోవాట్ల దాకా ఉంటుంది. ఇది డీసీ కరెంటు, అంటే ఎప్పుడూ ఒకే దిశలో పారేది. డీసీలో ఆర్క్, అంటే తీగ విడదీసిన చోట గాలిలో లేచే మంట, పుడితే సులభంగా ఆరదు కనుక, పగటి వేళ ప్యానెళ్ల తీగలను కలిపే కనెక్టర్లను లాగడానికి తెలియనివారు ఎవరూ ప్రయత్నించకూడదు. సూర్యుడికి స్విచ్ లేదు. వెలుతురు ఉన్నంతసేపూ స్ట్రింగ్ చివర్లలో వోల్టేజి ఉంటూనే ఉంటుంది.

వరుసగా కలపడంలో ఉన్న చిక్కు నీడ. వరుసలో ఒక్క సెల్ మీద నీడ పడినా దాని గుండా పోవలసిన కరెంటుకు అడ్డు పడుతుంది, ఆ సెల్ తాను ఇవ్వకపోగా ఇతరులు ఇచ్చినదాన్ని వేడిగా మార్చుకుని కాలిపోతుంది. దాన్ని నివారించడానికి ప్యానెల్‌లో సాధారణంగా 3 బైపాస్ డయోడ్లు పెడతారు. నీడ పడిన మూడో వంతును పక్కకు తప్పించి కరెంటు ముందుకు సాగుతుంది. సీతమ్మధార వైపు ఒక అపార్ట్‌మెంటులో ఉత్పత్తి ప్రతి రోజూ మూడు గంటలకల్లా పడిపోతోందని నన్ను పిలిచారు. ఇన్వర్టర్ పాడైందని వారు కొత్తది కొనడానికి సిద్ధమయ్యారు. చూస్తే పడమటి వైపున్న మెట్ల గది నీడ రెండు స్ట్రింగుల చివరి ప్యానెళ్ల మీద పడుతోంది. నీడ పడే ప్యానెళ్లన్నింటినీ ఒకే స్ట్రింగ్‌లోకి మార్చి కలిపాక మిగతావి సాయంత్రం దాకా సరిగా పనిచేశాయి. దీనికి అయిన ఖర్చు కొన్ని మీటర్ల కేబుల్, ఒక పూట పని.

డీసీని మన ఇళ్లకు, లైన్లకు పనికివచ్చే ఏసీగా, అంటే దిశ మార్చుకుంటూ పారే కరెంటుగా, మార్చేది ఇన్వర్టర్. ప్లాంటులో తెలివితేటలన్నీ దానిలోనే ఉంటాయని నా అభిప్రాయం. లోపల ఐజీబీటీ అనే సెమీకండక్టర్ స్విచ్చులు సెకనుకు వేల సార్లు తెరుచుకుంటూ మూసుకుంటూ, నిలకడగా ఉన్న డీసీని సెకనుకు 50 ఆవర్తనాలున్న తరంగంగా మలుస్తాయి. అదే సమయంలో, ఏ వోల్టేజి వద్ద ప్యానెళ్ల నుంచి గరిష్ఠ శక్తి వస్తుందో ఇన్వర్టర్ ఎప్పటికప్పుడు వెతుక్కుంటూ ఉంటుంది. మబ్బు ఒకటి అడ్డంగా పోతే ఆ బిందువు మారిపోతుంది, ఇన్వర్టర్ మళ్లీ వెతుక్కుంటుంది. ఇంత చేసినా దానిలో పోయేది సుమారు 2 శాతమే. అన్నిటికంటే ముఖ్యమైన పని గ్రిడ్‌తో, అంటే ఊళ్లన్నిటికీ కరెంటు చేర్చే లైన్ల వ్యవస్థతో, కలవడం. తీరంలో అలివి వల లాగుతున్న జాలర్ల మధ్యకు కొత్తగా వచ్చిన మనిషి ముందుగా వారి అడుగును గమనించి, ఆ అడుగులోనే తాడు పట్టుకుంటాడు. ఇన్వర్టర్ కూడా గ్రిడ్ వోల్టేజిని, ఆవర్తనాన్ని, తరంగం ఎక్కడ ఉందన్న దాన్ని కొలిచి, సరిగ్గా వాటితో కలిశాకే కరెంటు పంపుతుంది.

ఇందువల్లనే మీరు అడగని ప్రశ్నకు కూడా జవాబు చెప్పాలి, ఎందుకంటే విశాఖలో ఇది ప్రతి తుఫాను తర్వాతా వస్తుంది. గ్రిడ్ కరెంటు పోతే, ఎండ ఎంత కాస్తున్నా మామూలు సోలార్ ఇన్వర్టర్ వెంటనే ఆగిపోతుంది. ఇది భద్రత కోసం కావాలని పెట్టిన ఏర్పాటు. తెగిన లైన్‌లో కరెంటు లేదనుకుని లైన్‌మన్ దాన్ని పట్టుకున్నప్పుడు, మీ మేడ మీది నుంచి దానిలోకి కరెంటు వస్తే అతని ప్రాణం పోతుంది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను వచ్చినప్పుడు నగరం రోజుల తరబడి చీకట్లో ఉన్న సంగతి మనందరికీ తెలిసినదే. అలాంటి రోజుల్లో కూడా కరెంటు కావాలంటే బ్యాటరీతో పనిచేసే హైబ్రిడ్ ఇన్వర్టర్ పెట్టుకోవాలి. అది కరెంటు పోగానే ఇంటిని గ్రిడ్ నుంచి విడదీసి, ఎంచుకున్న లైట్లకు, ఫ్యాన్లకు మాత్రమే సరఫరా ఇస్తుంది.

పెద్ద ప్లాంటులో ఇన్వర్టర్ తర్వాతి దారి థర్మల్ కేంద్రం దారిలాగే ఉంటుంది. ఇన్వర్టర్ నుంచి కొన్ని వందల వోల్టుల వద్ద వచ్చిన ఏసీని ట్రాన్స్‌ఫార్మర్ 33 కిలోవోల్టులకు పెంచుతుంది, ప్లాంటులోని ఇలాంటి లైన్లన్నీ ఒక సబ్‌స్టేషన్‌కు చేరి అక్కడ 132 లేదా 220 కిలోవోల్టులకు పెరిగి రాష్ట్ర గ్రిడ్‌లో కలుస్తాయి. 2017లో పూర్తయిన కర్నూలు అల్ట్రా మెగా సోలార్ పార్కు 1000 మెగావాట్లది. అది దాదాపు 5,900 ఎకరాల్లో పరుచుకుని ఉంది. అక్కడ పుట్టిన కరెంటు గ్రిడ్‌లో కలిశాక ఏ ఊరికి వెళ్లిందో ఎవరూ విడదీసి చెప్పలేరు.

నీటి మీది ప్యానెళ్ల విషయానికి వస్తే, ముడసర్లోవలో 2018లో జీవీఎంసీ (విశాఖ నగరపాలక సంస్థ) ఏర్పాటు చేసినది 2 మెగావాట్ల ప్లాంటు. ఇంతకంటే చాలా పెద్దది సింహాద్రి కేంద్రం జలాశయంలోనే ఉంది. 2021 ఆగస్టులో ఆ కేంద్రాన్ని నడిపే ఎన్టీపీసీ అక్కడ 25 మెగావాట్ల తేలియాడే ప్లాంటును సుమారు 75 ఎకరాల నీటి మీద, లక్షకు పైగా ప్యానెళ్లతో ప్రారంభించింది. ప్లాస్టిక్ తెప్పల మీద ప్యానెళ్లు బిగించి, తెప్పలను తాళ్లతో అడుగునో గట్టునో లంగరు వేస్తారు. నీటి మట్టం పెరిగినా తగ్గినా తాళ్లు సర్దుకునేలా చూడడమే ఇందులో కష్టమైన ఇంజినీరింగ్. నీరు ప్యానెళ్లను తాకి చల్లబరుస్తుందని చాలామంది అనుకుంటారు, అది నిజం కాదు. నీటి మీది గాలి కాస్త చల్లగా ఉండడం వల్ల సెల్ ఉష్ణోగ్రత కొన్ని డిగ్రీలు తగ్గి, ఉత్పత్తి కొన్ని శాతాలు పెరుగుతుంది. తెప్ప వెడల్పుగా ఉండి ప్యానెల్ వెనుక గాలి ఆడనివ్వకపోతే ఆ లాభం కూడా చాలావరకు పోతుంది. నా దృష్టిలో అసలు లాభం భూమి మిగలడం, నీరు ఆవిరైపోవడం తగ్గడం. సింహాద్రి ప్లాంటు వల్ల ఏటా 1,364 మిలియన్ లీటర్ల నీరు మిగులుతుందని ఎన్టీపీసీ అంచనా వేసింది. ఎకరం భూమి దొరకడమే కష్టమైన విశాఖ వంటి నగరానికి ఇది చిన్న విషయం కాదు.

తీరంలో ఉన్నందుకు మనం చెల్లించే మూల్యం కూడా ఉంది. ఉప్పు గాలికి మామూలు పెయింటు వేసిన ఇనుప స్టాండు కొద్ది ఏళ్లలోనే తుప్పు పడుతుంది. మందంగా గాల్వనైజ్ చేసిన ఉక్కు, స్టెయిన్‌లెస్ బోల్టులు, ఉప్పు తేమ పరీక్ష నెగ్గిన ప్యానెళ్లు తప్పనిసరి. బీచ్ రోడ్డుకు దగ్గరలో ఒక మేడ మీది ఇన్వర్టర్ వాన పడిన మర్నాడు ఉదయం తొమ్మిది దాటే వరకు మొదలయ్యేది కాదు, తర్వాత మామూలుగా పనిచేసేది. ఇన్సులేషన్ తక్కువగా ఉందని తెర మీద వచ్చేది. ఇన్సులేషన్ కొలిచే మెగ్గర్ అనే పరికరంతో ఒక్కో స్ట్రింగ్‌ను కొలుచుకుంటూ పోతే, ఒక కనెక్టర్ సరిగా బిగియక లోపలికి నీరు చేరి, ఉప్పుతో కలిసి భూమికి లీకేజీ దారి ఏర్పరిచిందని తేలింది. ఎండకు ఆ నీరు ఆరగానే లోపం మాయమయ్యేది. ఇలాంటి లక్షణం కనిపిస్తే ఇన్వర్టర్‌ను నిందించే ముందు కనెక్టర్లను చూడాలి.

మీ మొదటి ప్రశ్నలోని ఊహ పూర్తిగా తప్పు కాదని కూడా చెప్పాలి. వేడితో ఆవిరి పుట్టించి టర్బైను తిప్పే సోలార్ ప్లాంట్లు కూడా ఉన్నాయి. వాటిలో ప్యానెళ్లు ఉండవు, అద్దాలు ఉంటాయి. దోనె ఆకారంలో వంచిన అద్దాలు ఎండను మధ్యలోని గొట్టం మీద కేంద్రీకరించి, అందులోని నూనెను 390 డిగ్రీల దాకా వేడిచేస్తాయి. ఆ వేడితో ఆవిరి, ఆవిరితో టర్బైను. అనంతపురం జిల్లాలో 50 మెగావాట్ల ఇలాంటి కేంద్రం 2014లో మొదలైంది. మరికొన్ని దేశాల్లో ఎత్తైన స్తంభం మీదికి అద్దాలతో ఎండను మళ్లించి, సోడియం నైట్రేటు, పొటాషియం నైట్రేటు కలిపిన లవణాన్ని 565 డిగ్రీల వరకు కాచి దాచుకుంటారు, రాత్రి ఆ వేడితోనే కరెంటు తీస్తారు. అద్దాలు సూటిగా వచ్చే కిరణాలనే కేంద్రీకరించగలవు, మబ్బుల్లో చెదిరిన వెలుతురు వాటికి పనికిరాదు. అందుకే తేమతో మసకబారే విశాఖ ఆకాశం కింద ఈ పద్ధతి లాభసాటి కాదు. ప్యానెళ్లయితే చెదిరిన వెలుతురును కూడా వాడుకుంటాయి; వానాకాలంలో తగ్గినా పూర్తిగా ఆగవు.

మెగావాట్లను పోల్చేటప్పుడు ఒక జాగ్రత్త అవసరం. సింహాద్రి బొగ్గు కేంద్రం 2000 మెగావాట్లది, అది బొగ్గు ఉన్నంతవరకు రాత్రింబగళ్లు నడుస్తుంది. సోలార్‌లో మన ప్రాంతంలో 1 కిలోవాటుకు రోజుకు సగటున 4 యూనిట్లు లెక్కవేసుకోవచ్చు, అంటే 1 మెగావాటు ఏడాదికి సుమారు 14 లక్షల 60 వేల యూనిట్లు ఇస్తుంది. రోజంతా పూర్తి శక్తితో నడిస్తే వచ్చేదానిలో ఇది ఆరో వంతు. సాయంత్రం వాడకం పెరిగే వేళకు సోలార్ సున్నా అవుతుంది. నంద్యాల జిల్లా పిన్నాపురంలో చేపట్టినటువంటి పంప్డ్ స్టోరేజీ పథకాల ఉద్దేశం ఈ లోటును పూడ్చడమే: పగటి మిగులు కరెంటుతో నీటిని పై జలాశయంలోకి తోడి, రాత్రి కిందికి వదిలి టర్బైన్లు తిప్పుతారు.

చివరగా మీ అపార్ట్‌మెంటు ప్లాంటు గురించి. ప్యానెళ్లకు, మేడ కప్పుకు మధ్య కనీసం అడుగు ఎత్తు ఖాళీ ఉండి, వెనుక గాలి ఆడుతోందో లేదో చూడండి. రేకుకు ఆనించి బిగించిన ప్యానెళ్లు మేలో మరింత వేడెక్కుతాయి. వాలు 10, 12 డిగ్రీలుంటే మార్చవద్దు. అక్షాంశం ప్రకారం 17 డిగ్రీలు ఉండాలని కొందరు చెబుతారు గాని, దాని వల్ల పెరిగేది ఒక శాతం ప్రాంతంలోనే, తుఫాను గాలికి స్టాండు మీద పడే ఒత్తిడి మాత్రం చాలా పెరుగుతుంది. 10 కంటే తగ్గితే వాన నీరు దుమ్మును కడిగి తీసుకుపోదు. కడగడం తెల్లవారుజామున గాని, పొద్దు వాలాక గాని చేయాలి. మండుటెండలో కాగిన అద్దం మీద చన్నీళ్లు పోస్తే పగలవచ్చు. పోల్చేటప్పుడు మార్చిని మేతో కాక, ఈ ఏడాది మేను నిరుటి మేతో పోల్చండి. నిండు ఎండ కాసిన రోజుల్లో కూడా తేడా 5 శాతం దాటితే దుమ్మో, నీడో, కనెక్టరో కారణమై ఉంటుంది. అప్పుడు స్ట్రింగ్ వారీగా కరెంటు ఎంత వస్తోందో ఇన్వర్టర్ తెర మీద ఫొటో తీసి ఇక్కడ పెట్టండి, చూసి చెబుతాను.